మనల్ని చూడనివాళ్ళు మనకు పని ఎందుకిస్తారు?

(తాడేపల్లిగూడెంలో ఒక ఆదివారం సాయంత్రం డిగ్రీ విద్యార్థులకు, ఇంటి దగ్గర నుంచి పని చేయాలనుకునే మహిళలకు చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ళు అడిగితే రికార్డింగు విని టైపు చేశాం. తడబాట్లు మాత్రమే తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకు రండమ్మా, ఇక్కడ మూడు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. ఫ్యాన్ల చప్పుడుకి నా మాట వినపడకపోతే చెయ్యెత్తండి, గట్టిగా మాట్లాడతాను.

నన్ను పిలిచినప్పుడు మాస్టారు ఒక మాట అన్నారు. “ఆన్‌లైన్‌లో ఫ్రీలాన్స్ పనులకు డిమాండ్ బాగా పెరుగుతోందట, మా పిల్లలకు దాని గురించి చెప్పండమ్మా” అన్నారు. ఫ్రీలాన్స్ అంటే ఒక కంపెనీలో ఉద్యోగానికి చేరకుండా, ఏ పనికా పని విడిగా ఒప్పుకుని చేయడం. డిమాండ్ పెరుగుతోందా? పెరుగుతోంది. అది నిజమే. మరి ఆ మాట నమ్మి మీరు ఇంటికెళ్ళి లాప్‌టాప్ తెరవగానే పని వచ్చి ఒళ్ళో పడుతుందా? పడదు. పడదని చెప్పి పంపించేయడానికి నేను రాలేదు. ఎందుకు పడదో, ఎలా వస్తుందో నాకు తెలిసినంత చెబుతాను.

ముందు మీరొకటి ఆలోచించండి. మన బజార్లో కొత్త టైలరు దగ్గరికి వెళ్ళాలంటేనే ఎవరినో ఒకరిని అడుగుతాం. “బాగా కుడుతుందా? చెప్పిన రోజుకి ఇస్తుందా?” అని. ఒక్క జాకెట్టు ముక్కకే ఇంత విచారిస్తాం. అలాంటిది ఎక్కడో టెక్సాస్‌లో ఉన్న మనిషి, మన మొహం చూడనివాడు, మన ఊరి పేరు పలకలేనివాడు, మన చేతికి పని ఎందుకిస్తాడు? డబ్బెందుకు పంపిస్తాడు? ఈ ప్రశ్న దగ్గర నుంచి మొదలుపెడితే ఈ ఫ్రీలాన్స్ వ్యవహారమంతా అర్థమవుతుంది. దీన్ని వదిలేసి “ఏ సైటు మంచిది మేడం” అని మొదలుపెడితే ఏదీ అర్థం కాదు.

నా సంగతి కొంచెం చెబుతాను. 2001లో డిగ్రీ అయిపోయింది. అప్పుడు హైదరాబాద్‌లో మెడికల్ ట్రాన్‌స్క్రిప్షన్ అంటే ఊగిపోయేవాళ్ళు. ఇక్కడున్న పెద్దవాళ్ళకి గుర్తుండే ఉంటుంది, అమీర్‌పేటలో ఎటు చూసినా ఆ బోర్డులే. ఏమిటా పని? అమెరికాలో డాక్టరు రోగిని చూసి, చూసిందంతా నోటితో చెప్పి రికార్డు చేస్తాడు. అది మనకి వస్తుంది. మనం విని టైపు చేసి పంపిస్తాం. వాళ్ళకి రాత్రి, మనకి పగలు. వాళ్ళు నిద్ర లేచేసరికి కాగితం సిద్ధం. జీతం లైన్ల లెక్క. ఖాళీలతో కలిపి 65 అక్షరాలు ఒక లైను. నెలాఖరుకి లైన్లు లెక్కపెట్టి డబ్బులిచ్చేవాళ్ళు.

పెళ్ళయి ఇటు వచ్చేశాక అదే పని ఇంటి నుంచి చేశాను. అప్పట్లో ఫ్రీలాన్సర్ అనే మాట మాకెవరికీ తెలియదు. “ఆ అమ్మాయి ఇంట్లో కూర్చుని ఏదో టైపు కొడుతుంది” అనేవాళ్ళు. చెవిలో హెడ్‌ఫోన్, కాలికింద పెడల్, పక్కన మెడికల్ డిక్షనరీ. పెడల్ ఎందుకంటే, చేతులు టైపులో ఉంటాయి కాబట్టి ఆడియోని కాలితో ఆపాలి, కాలితో నడపాలి. మా అత్తగారు మొదట్లో నేను కుట్టుమిషన్ కొనుక్కున్నాననుకున్నారు.

ఆ పని ఎంతకాలం నడిచింది? పదేళ్ళు కూడా సరిగ్గా నడవలేదు. మాట వినిపిస్తే దానంతట అదే రాసే సాఫ్ట్‌వేర్ వచ్చింది. 2009లో అమెరికా ప్రభుత్వం ఆసుపత్రి రికార్డులన్నీ కంప్యూటర్లోకి మార్చమని చట్టం చేసి డబ్బు కూడా ఇచ్చింది. డాక్టర్లు తామే స్క్రీన్ మీద గళ్ళు నింపుకోవడం మొదలుపెట్టారు. మాకు మొదటి నుంచి టైపు చేసే పని పోయి, మిషన్ రాసింది దిద్దే పని మిగిలింది. రేటు సగమైంది. ఆఖరికి నాకు పనిచ్చే ఆఫీసు మూతపడింది. రెండు నెలల డబ్బులు రాలేదు. ఎవరినడగాలో కూడా తెలియలేదు. చేతిలో ఒక్క కాగితం లేదు. అంతా ఫోన్ మాట మీద నడిచింది.

ఇది మీకెందుకు చెబుతున్నానంటే, డిమాండ్ అనేది గోదారి లాంటిది. వస్తుంది, పోతుంది. వచ్చినప్పుడు చేను తడుపుకోవాలి. ఏడాది పొడుగునా అలాగే ఉంటుందనుకుని గట్టు మీద ఇల్లు కట్టుకోకూడదు. 2001లో నాకెవరూ ఈ మాట చెప్పలేదు.

ఆ తర్వాత ఏడాదికి పైగా ఖాళీగా ఉన్నాను. అప్పుడు మా తమ్ముడు ఒక వెబ్‌సైట్ చూపించాడు. ఈలాన్స్ అని, పనిచ్చేవాళ్ళూ పనిచేసేవాళ్ళూ కలుసుకునే సైటు. 1998లో అమెరికాలో పెట్టారు దాన్ని. పెట్టినవాళ్ళిద్దరూ మనవాళ్ళే, బీరుద్ సేఠ్, శ్రీని అనుమోలు. ఆ సంవత్సరమే ఇద్దరు మేనేజ్‌మెంట్ పరిశోధకులు, ఇకముందు చాలా పనులు కంపెనీ గోడల్లో కాకుండా నెట్‌లో కలుసుకున్న విడి మనుషులు చేస్తారని ఒక వ్యాసం రాశారు. ఈలాన్స్ అనే మాట అందులోదే. తర్వాత ఈలాన్స్, ఓడెస్క్ అనే ఇంకో సైటు కలిసిపోయాయి. 2015లో పేరు అప్‌వర్క్ అని మారింది. ఫ్రీలాన్సర్ డాట్ కామ్ ఆస్ట్రేలియాది, 2009లో మొదలైంది. ఫైవర్ ఇజ్రాయెల్‌ది, 2010. ఏ పనైనా 5 డాలర్లు అని మొదలుపెట్టారు కాబట్టి ఆ పేరు. సైట్ల చరిత్ర ఇంతవరకు చాలు.

నేను చేరాను. దరఖాస్తులు పెట్టడం మొదలుపెట్టాను. ఒకటి, రెండు, పది, ఇరవై. ఒక్క జవాబు లేదు. నలభై దాటాయి. అన్నిటికీ ఒకే ఉత్తరం పంపించేదాన్ని. “నేను కష్టపడి పనిచేసే మనిషిని, నాకు ఒక అవకాశం ఇవ్వండి” అని. ఇక్కడ అలాంటి ఉత్తరం రాసినవాళ్ళు ఎంతమంది? ఫర్వాలేదు, చేతులెత్తండి. చూశారా, సగం మంది.

ఆ ఉత్తరంలో తప్పేమిటి? అందులో ఉన్నదంతా నా గురించే. అవతలి మనిషికి నా కష్టంతో పనిలేదు. ఆయన చేతిలో ఉన్న పని జరుగుతుందా, లేదా? ఆయన టెన్షన్ అంతా అది.

తర్వాత ఒక ప్రకటన వచ్చింది. పీహెచ్‌డీ చేస్తున్న అమ్మాయి, నర్సులతో చేసిన ఇంటర్వ్యూలు టైపు చేసిపెట్టాలి. ప్రకటన చివర్లో, “ఇది మొత్తం చదివినవాళ్ళు ఉత్తరం మొదట్లో నీలం అని రాయండి” అని ఉంది. ఎందుకు పెట్టింది? చదవకుండా గుడ్డిగా పంపేవాళ్ళని ఏరిపారేయడానికి. నేను ఆ మాట రాశాను. శాంపిల్‌గా ఆమె పెట్టిన ఆడియోలో మొదటి రెండు నిమిషాలు టైపు చేసి జత చేశాను. అందులో ఒక మందు పేరు సరిగ్గా వినపడలేదు. ఊహించి రాయలేదు. అక్కడ టైము వేసి “వినపడలేదు, ఈ రెండు మందుల్లో ఒకటి కావచ్చు” అని రాశాను. గంటలో జవాబు వచ్చింది. తర్వాత ఎప్పుడో ఆమె చెప్పింది, “మిగతావాళ్ళంతా ఏదో ఒక పేరు రాసేశారు. తెలియనిది తెలియదని రాసింది నువ్వొక్కదానివే” అని.

నమ్మకం అక్కడ పుట్టింది. నా సర్టిఫికెట్ ఆమె చూడలేదు. నా డిగ్రీ మార్కులు అడగలేదు. రెండు నిమిషాల పని చూసింది, తెలియని చోట నేనేం చేశానో చూసింది. అంతే. ఆ అమ్మాయి తర్వాత తన స్నేహితులని పంపించింది. మూడేళ్ళు వాళ్ళ పనులతోనే నా ఇల్లు నడిచింది.

లెక్కలు, చేతికొచ్చేది

సరే, మాస్టారు అడిగిన డిమాండ్ సంగతికి వస్తాను. ప్రపంచ బ్యాంకు 2023లో ఒక నివేదిక ఇచ్చింది. 2016 నుంచి 2023 మొదటి మూడు నెలల దాకా ఆన్‌లైన్ పనుల డిమాండ్ 41 శాతం పెరిగిందని అందులో ఉంది. ఇలా పనిచేసేవాళ్ళు ప్రపంచంలో ఎంతమంది ఉంటారు? 15.4 కోట్ల నుంచి 43.5 కోట్ల దాకా ఉండొచ్చన్నారు. ఆ రెండు అంకెల మధ్య తేడా చూడండి. ఎందుకంత తేడా? మనలాంటివాళ్ళు ఏ హాజరు పట్టీలోనూ ఉండరు. కొందరు దీని మీదే బతుకుతారు, కొందరు ఉద్యోగం చేస్తూ శనాదివారాలు చేస్తారు, కొందరు ఏడాదికి ఒక పని చేస్తారు. ఎలా లెక్కపెడతారు?

మన దేశం సంగతి చూస్తే, 2022లో నీతి ఆయోగ్ లెక్క ప్రకారం గిగ్ పనివాళ్ళు 2020-21లో 77 లక్షలు. 2029-30కి 2.35 కోట్లవుతారని అంచనా. ఇందులో ఆన్‌లైన్ పనివాళ్ళొక్కరే కాదు, బండి మీద అన్నం తెచ్చే అబ్బాయి, క్యాబ్ నడిపే ఆయన కూడా ఉన్నారు. పేపర్లో ఆ అంకె చూసి అదంతా లాప్‌టాప్ పనే అనుకోకండి.

ఇంకో సంగతి. ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీవాళ్ళు ఈ సైట్ల మీద ఏళ్ళ తరబడి లెక్క తీస్తున్నారు. పనులు ఎక్కువగా ఇచ్చేది అమెరికా. చేసేవాళ్ళలో ఎక్కువమంది మన ఇండియావాళ్ళు. అర్థమైందా? డిమాండ్ పెరిగింది నిజమే, చేతులు ఇంకా ఎక్కువ పెరిగాయి. ఒక చిన్న లోగో పనికి ప్రకటన పడితే గంటలో యాభై దరఖాస్తులు. అందులో పాతిక మనవాళ్ళవే, ఇంకా బంగ్లాదేశ్, పాకిస్తాన్, ఫిలిప్పీన్స్ వాళ్ళవి. అందుకే రేటు తగ్గించుకుంటూ పోయి గెలవాలనుకోకండి. మీకన్నా తక్కువకి చేసేవాడు ఎప్పుడూ ఒకడుంటాడు. ఎప్పుడూ ఉంటాడు.

చేతికొచ్చే డబ్బు లెక్క చూద్దాం. కాగితం ఉన్నవాళ్ళు రాసుకోండి. నేనిప్పుడు ఎక్కువగా సబ్‌టైటిల్స్ చేస్తాను. అరగంట వీడియోకి 30 డాలర్లు ఒప్పుకున్నాననుకోండి. ఫైవర్ 20 శాతం కోసుకుంటుంది. 24 మిగిలింది. అప్‌వర్క్ ఒకప్పుడు ఒక్కో క్లయింట్ దగ్గర మొదటి 500 డాలర్ల మీద 20 శాతం తీసుకునేది, 2023లో అందరికీ 10 చేసింది, 2025 నుంచి పనిని బట్టి 0 నుంచి 15 దాకా పెట్టింది. లెక్క సులువుగా ఉండటానికి డాలరు 85 రూపాయలనుకుందాం. 24 డాలర్లంటే 2,040 రూపాయలు. డబ్బు మార్పిడిలో ఇంకొంచెం పోతుంది. 2,000 అనుకోండి.

అరగంట వీడియోకి 2,000 అంటే కళ్ళు మెరుస్తాయి. కానీ అరగంట వీడియోకి సబ్‌టైటిల్స్ వేయడానికి నాకు ఐదు గంటలు పడుతుంది. విని రాయాలి, మాట పెదవి దాటేలోపు అక్షరం కనపడేలా టైము కట్టాలి, రెండు వరుసలు దాటకుండా కుదించాలి, మళ్ళీ మొదటి నుంచి చూడాలి. గంటకి 400. ఆ పని దొరకడానికి దరఖాస్తులు పెట్టిన గంటలు? క్లయింట్‌తో మాట్లాడిన గంటలు? కరెంటు, నెట్, ఇన్వర్టర్ బ్యాటరీ? అవన్నీ వేస్తే కొత్తవాళ్ళకి గంటకి 200 కూడా మిగలదు. అందుకే పని చేసిన గంటలతో పాటు పని వెతికిన గంటలు కూడా ఒక నోటుబుక్కులో రాయండి. మూడు నెలలు రాస్తే మీకే తెలుస్తుంది మీ రేటు ఎంతుండాలో.

పాత క్లయింట్ విలువ కూడా అప్పుడే తెలుస్తుంది. రెండోసారి వచ్చినవాళ్ళ దగ్గర వెతికే గంటలుండవు. నా సంపాదనలో ముప్పాతిక వంతు నలుగురే నలుగురు మనుషుల దగ్గర నుంచి వస్తుంది. వందమంది అక్కర్లేదమ్మా. నలుగురు చాలు.

ఇక ఏఐ సంగతి. ఇది అడగకుండా మీరు నన్ను వదలరని తెలుసు. 2022 నవంబరు ఆఖర్లో చాట్‌జీపీటీ వచ్చింది. ఎనిమిది నెలలు తిరిగేసరికి ఒక పెద్ద ఫ్రీలాన్స్ సైటులో, మిషన్ చేయగలిగిన రాత పనులు, కోడింగ్ పనుల ప్రకటనలు, మిగతా పనులతో పోలిస్తే 21 శాతం తగ్గాయని ఒక పరిశోధనలో తేలింది. నాకు అది చదివినప్పుడు పెడల్, హెడ్‌ఫోన్ గుర్తొచ్చాయి. ఒకసారి చూసిన సినిమా మళ్ళీ చూస్తున్నట్టుంది.

కానీ ఈసారి నేను భయపడలేదు. ఎందుకో చెబుతాను. నా దగ్గరికొచ్చే వీడియోలకి ఇప్పుడు మొదటి రాత మిషనే రాస్తుంది. ఇంగ్లిష్ బాగానే రాస్తుంది. తెలుగు దగ్గరికొచ్చేసరికి “మా బావ పెద్ద వెధవ” అని మరదలు నవ్వుతూ అంటే, నిజంగా తిట్టినట్టు ఇంగ్లిష్‌లోకి మారుస్తుంది. “వెళ్ళొస్తాను” అంటే వెళ్ళి మళ్ళీ వస్తానని రాస్తుంది. ఎవరు దిద్దాలి? తెలుగు తెలిసినవాళ్ళే దిద్దాలి. ఇంగ్లిష్ మాత్రమే బాగా వచ్చినవాళ్ళు ప్రపంచంలో కోట్లమంది. తెలుగు, ఇంగ్లిష్ రెండూ బాగా వచ్చి, దానికి తోడు ఇంకొక విషయం, వ్యవసాయమో నర్సింగో అకౌంట్సో తెలిసినవాళ్ళు ఎంతమంది? మీరు మీ తెలుగుని చులకనగా చూడకండి. ఓటీటీల పుణ్యమా అని మన సినిమాలు ఇప్పుడు తెలుగు రానివాళ్ళు కూడా చూస్తున్నారు. వాళ్ళు చదివే ప్రతి వరుసా ఒక మనిషి చేతి మీదుగా పోవాలి. పోకపోతే ఎలా ఉంటుందో మీరూ చూస్తున్నారుగా.

అమ్మా, మీరు చెయ్యెత్తారు. ఏం చదువుతున్నారు? బీకామ్. బీకామ్ వాళ్ళకి ఏముందంటున్నారు. చాలా ఉంది. ఆస్ట్రేలియాలో, ఇంగ్లండ్‌లో చిన్న చిన్న కొట్లవాళ్ళు, ప్లంబింగ్ పనులు చేసేవాళ్ళు తమ పద్దులు రాయడానికి మనిషిని పెట్టుకోలేరు, జీతాలు ఎక్కువ. జీరో, క్విక్‌బుక్స్ అనే సాఫ్ట్‌వేర్లలో బిల్లులు ఎక్కించి బ్యాంకు ఖాతాతో సరిచూసి పెట్టేవాళ్ళు కావాలి. మీకు ట్యాలీ వచ్చు కదా? లెక్క అదే, అరలు మారతాయి. ఆ దేశం పన్నుల పద్ధతి కొంచెం నేర్చుకోవాలి. ఆరు నెలలు కూర్చుంటే వస్తుంది. “నేను డేటా ఎంట్రీ చేస్తాను” అని పెట్టుకున్న మనిషిని ఎవరూ చూడరు. “ప్లంబర్ల పద్దులు రాస్తాను” అని పెట్టుకున్న మనిషి కోసం ప్లంబరు వెతుక్కుంటూ వస్తాడు.

డబ్బు అడిగితే లేచి వచ్చేయండి

ఇప్పుడు చెప్పేది కొంచెం జాగ్రత్తగా వినండి. మిగతాదంతా మర్చిపోయినా ఇది మర్చిపోవద్దు.

క్లయింట్ మనల్ని ఎందుకు నమ్మాలి అని ఇందాకటి నుంచి మాట్లాడుకున్నాం. మనం ఎదుటివాణ్ణి ఎందుకు నమ్మాలి? ఈ ప్రశ్న మనవాళ్ళు అడగరు. పని దొరికిందన్న సంతోషంలో అడగరు.

“ఇంటి దగ్గరే డేటా ఎంట్రీ, నెలకి 30 వేలు” అని ఫోన్‌కి మెసేజ్ వస్తుంది. రిజిస్ట్రేషన్‌కి రెండు వేలు కట్టమంటారు. కాగితం మీద సంతకం చేయించుకుంటారు. ఐదారు రోజుల్లో చేయలేనన్ని పేజీలు ఇస్తారు. నిద్ర మానుకుని చేస్తారు. అప్పుడు, “మీ అక్యూరసీ 90 శాతం రాలేదు, అగ్రిమెంట్ తప్పారు, నష్టపరిహారం కట్టండి, లేకపోతే కోర్టు నోటీసు” అని లాయరునంటూ ఒకడు ఫోన్ చేస్తాడు. మన పిల్లలు ఇంట్లో చెప్పుకోలేక, గాజులు తాకట్టు పెట్టి కట్టినవాళ్ళు నాకు తెలుసు. ఇదే కాలేజీలో చదివిన అమ్మాయి ఒకరు ఏడుస్తూ నా దగ్గరికొచ్చింది. ఆ నోటీసు చూశాను. కోర్టు ముద్ర లేదు, కేసు నంబరు లేదు. అమ్మాయి చేత ఒక్క రూపాయి కూడా కట్టనివ్వలేదు. సైబర్ మోసాల ఫిర్యాదులు తీసుకునే 1930 నంబరుకి ఫోన్ చేయించి ఫిర్యాదు ఇప్పించాం. ఆ ఫోన్లు ఆగిపోయాయి.

పనిచ్చేవాడు మనకి డబ్బు ఇస్తాడు. మన దగ్గర పుచ్చుకోడు. డిపాజిట్ అన్నా, ట్రైనింగ్ ఫీజు అన్నా, పేరు ఏదైనా సరే, డబ్బు అడిగాడంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

“మరి సైటులో దరఖాస్తుకి డబ్బు కడుతున్నాం కదా” అని ఆ తమ్ముడు అడుగుతున్నాడు. మంచి ప్రశ్న. అప్‌వర్క్‌లో కనెక్ట్స్ అని ఉంటాయి, ఒక్కోటి 15 సెంట్లు, ఒక్కో దరఖాస్తుకి కొన్ని ఖర్చవుతాయి. అది సంతలో చోటుకి కట్టే ఆశీలు లాంటిది. అందరికీ ఒకటే రేటు, ముందే రాసి ఉంటుంది, చిన్న మొత్తం. సంతలో బేరానికొచ్చిన మనిషి మనల్నే డబ్బు అడిగితే? ఆ తేడా పట్టుకో తమ్ముడూ.

ఇంకో రకం ఉంది. “మీ అప్‌వర్క్ ఖాతా మాకు అద్దెకివ్వండి, నెలకి ఇంత ఇస్తాం” అంటారు. “మీ బ్యాంకు ఖాతాలోకి మా డబ్బు వస్తుంది, మీరు కమిషన్ ఉంచుకుని పంపించండి” అంటారు. ఇవ్వకండి. అది దొంగ డబ్బయితే పోలీసులు వచ్చేది మీ ఇంటికి. ఖాతా మీ పేరు మీద ఉంది కాబట్టి.

విశాఖపట్నం సంగతి పేపర్లో చదివే ఉంటారు. 2024 మే నెలలో పోలీసులు బయటపెట్టారు. డేటా ఎంట్రీ ఉద్యోగాలని చెప్పి మన పిల్లల్ని కంబోడియా తీసుకెళ్ళారు. అక్కడికెళ్ళాక పాస్‌పోర్టులు లాక్కుని, గదుల్లో పెట్టి, మనవాళ్ళ చేతే మనవాళ్ళకి ఫోన్లు చేయించి మోసాలు చేయించారు. ఏజెంటుకి లక్ష రూపాయల పైన కట్టి మరీ వెళ్ళారు పిల్లలు. ఎంత దుఃఖం అది! కంప్యూటర్ ముందు కూర్చుని చేసే పనికి ఇంకో దేశం తీసుకెళ్ళాల్సిన అవసరం ఏమొచ్చిందని ఒక్కసారి ఆగి అడిగితే చాలా ఇళ్ళు బయటపడేవి.

నిజమైన క్లయింట్ దగ్గర కూడా మోసపోవచ్చు. నేనే మోసపోయాను. ఒకాయన రెండు పనులిచ్చి బాగా డబ్బిచ్చాడు. మూడోది పెద్ద పని. “సైటుకి కమిషన్ ఎందుకు, నేరుగా పంపిస్తాను” అన్నాడు. కమిషన్ మిగులుతుంది కదా అని ఒప్పుకున్నాను. మూడు వారాలు చేశాను. పంపించాను. ఆ తర్వాత మెయిల్‌కి జవాబు లేదు. సైటువాళ్ళకి చెబితే బయట జరిగినదానికి మా బాధ్యత లేదన్నారు. వాళ్ళ రూలు ముందే రాసి ఉంది. ఆ కమిషన్ దేనికి తీసుకుంటారో నాకు ఆ రోజు తెలిసింది. పని మొదలుపెట్టకముందే క్లయింట్ డబ్బు సైటు దగ్గర పెట్టేస్తాడు. మనం పని ఇచ్చాక అది మనకొస్తుంది. గంటల లెక్క పనైతే సైటు మన స్క్రీన్‌ని గంటకి ఆరుసార్లు ఫోటో తీస్తుంది. మొదట్లో నాకది అవమానంగా అనిపించింది. తర్వాత ఒక క్లయింట్ “ఇన్ని గంటలు చేయలేదు” అని తగువు పెట్టుకుంటే ఆ ఫోటోలే నన్ను కాపాడాయి.

మన దేశంలోనే ఉన్న కంపెనీలకి చేస్తే? అక్కడ డబ్బు ఆలస్యం పెద్ద జబ్బు. దానికి ఒక మందుంది, చాలామందికి తెలియదు. ఉద్యం అని కేంద్ర ప్రభుత్వం రిజిస్ట్రేషన్ ఉంది. ఆధార్, పాన్ ఉంటే చాలు, పైసా ఖర్చు లేదు. నెట్ సెంటర్‌లో వెయ్యి అడిగితే ఇవ్వకండి, ఫోన్‌లో మీరే చేసుకోవచ్చు. అది చేసుకుంటే మీరు ఒక్కరే ఉన్నా సరే చట్టం దృష్టిలో మీరొక సూక్ష్మ పరిశ్రమ. 2006 చట్టం ప్రకారం మీ పని పుచ్చుకున్న కంపెనీ, రాతపూర్వకంగా ఒప్పందం ఉన్నా సరే, 45 రోజుల్లోపు డబ్బివ్వాలి. ఒప్పందం లేకపోతే 15 రోజులే. దాటితే వడ్డీ, అది కూడా బ్యాంకు రేటుకి మూడింతలు. ఫిర్యాదుకి ప్రభుత్వ పోర్టల్ ఉంది. నేను బిల్లు మీద ఉద్యం నంబరు వేయడం మొదలుపెట్టాక గుర్తుచేసే ఫోన్లు సగం తగ్గాయి.

విదేశీ డబ్బు వస్తే బ్యాంకు నుంచి ఆ మేరకు కాగితం తీసుకుని దాచుకోండి. పన్నుల రిటర్ను వేయండి. కట్టాల్సిన పన్ను లేకపోయినా వేయండి. ఎందుకంటారా? మేము ఇల్లు కట్టుకుందామని లోనుకి వెళితే మేనేజరు గారు “పేస్లిప్ ఏదమ్మా” అన్నారు. నెలకి మా ఆయన జీతం కన్నా నేను ఎక్కువే తెస్తున్నాను. అయినా ఆ బల్ల ముందు నేను పని లేని మనిషినే. మూడేళ్ళ రిటర్నులు పట్టుకుని వెళ్ళాక కుర్చీ వేశారు. బ్యాంకుకి కూడా మన మీద నమ్మకం కావాలి కదా. అక్కడ శాంపిల్ పని చెల్లదు, రిటర్నే చెల్లుతుంది.

పీఎఫ్ లేదు, ఈఎస్ఐ లేదు, పండగ బోనస్ లేదు. కొత్త సామాజిక భద్రతా చట్టంలో గిగ్ పనివాళ్ళ మాట ఉంది, 2025 నవంబరులో అమల్లోకి వచ్చింది. దాని మీద జరిగే చర్చ ఎక్కువగా డెలివరీ, క్యాబ్ వాళ్ళ గురించే. అది జరగాల్సిందే, వాళ్ళు ఎండలో తిరుగుతున్నారు. మనం మాత్రం వచ్చినదాంట్లో పదో వంతు వేరే ఖాతాలో వేసుకోవాలి, ఆరోగ్య బీమా మనమే కట్టుకోవాలి. నాకు మెడ నొప్పి వచ్చి రెండు నెలలు కూర్చోలేకపోయినప్పుడు ఒక్క రూపాయి రాలేదు. ఆ పదో వంతే ఇల్లు నడిపింది.

ఇక్కడికొచ్చిన అమ్మలకి, నాన్నలకి ఒక మాట. మీ అమ్మాయి గదిలో తలుపేసుకుని కంప్యూటర్ ముందు కూర్చుంటే ఖాళీగా ఉందనుకోకండి. “ఖాళీయే కదా, గ్యాస్ బండ వస్తుంది చూడు, పిన్ని వాళ్ళని బస్టాండ్ నుంచి తీసుకురా” అని పది నిమిషాలకొకసారి పిలవకండి. అదే అమ్మాయి ఆఫీసులో ఉంటే పిలుస్తారా? న్యూయార్క్‌లో పొద్దున పది గంటలంటే మనకి రాత్రి ఏడున్నరో, ఎనిమిదిన్నరో. అప్పుడు ఫోన్ మాట్లాడుతుంటే అనుమానంగా చూడకండి. నేను ఈ మాట మా ఇంట్లో చెప్పడానికి ఆరేళ్ళు పట్టింది. గోడ మీద ఒక కాగితం అంటించాను, ఈ టైము నుంచి ఈ టైము దాకా నేను పనిలో ఉంటానని. మా అత్తగారే ఇప్పుడు వచ్చినవాళ్ళకి ఆ కాగితం చూపించి కూర్చోబెడతారు.

ఎక్కడ మొదలుపెట్టాలి అని ఇందాక నలుగురైదుగురు అడిగారు. ఈ రాత్రి ప్రొఫైల్ తెరవద్దు. ముందు మీకు వచ్చిన ఒక్క పని తీసుకోండి. దానికి మూడు శాంపిళ్ళు చేయండి, డబ్బు లేకుండా, మీ కోసం. సబ్‌టైటిల్స్ అయితే మీ ఇంట్లో అమ్మమ్మ చెప్పిన కథ రికార్డు చేసి దానికి వేయండి. పద్దులైతే ఊహించుకున్న ఒక కిరాణా కొట్టుకి మూడు నెలల లెక్కలు రాయండి. డిజైన్ అయితే మన ఊళ్ళో ఒక బేకరీ అట్టపెట్టె మీద బొమ్మ మార్చి చూపించండి. మూడూ అయ్యాక ఆ పని తెలిసిన మనిషికి చూపించి తిట్టించుకోండి. దిద్దుకున్నాక అప్పుడు సైటుకి వెళ్ళండి.

నేను లాప్‌టాప్ తెచ్చుకున్నాను. ఎవరి దగ్గరైనా చేసిన పని ఫోన్‌లో ఉంటే ఇప్పుడే తీసుకురండి. ఎనిమిదింటికి హాలు తాళం వేస్తామని వాచ్‌మన్ గారు చెప్పారు, ఇంకా ముప్పావు గంట ఉంది. ఆ బీకామ్ అమ్మాయి ముందు రండి. మీ ట్యాలీ ఫైలు ఉందన్నారు కదా, తెరవండి, చూద్దాం.